అప్పు విమానం ఎక్కదు

పులివెందుల పక్క ఒక చీనీ (బత్తాయి) తోట, జమ్మలమడుగులో అక్క ఇల్లు, ప్రొద్దుటూరు బ్యాంకులో కుదువ పెట్టిన బంగారం. కడప జిల్లాలో కువైట్ ప్రయాణమంటే తరచూ ఇలా మూడు ఊళ్లలో ముడిపడి ఉంటుంది. కింద మాట్లాడుకునే అక్కాతమ్ముళ్లు ఫలానా ఇంటివాళ్లు కారు. అప్పు తీర్చి పోవాలా, పోయి తీర్చాలా అని ఈ సీమలో ఎన్నో ఇళ్లలో నడిచే వాదాన్ని వాళ్ల నోట వినిపిస్తున్నాను. తమ్ముడు ఎనిమిదో తరగతి దాకా చదివాడు. ట్రాక్టరూ కారూ నడుపుతాడు. అక్క భర్త చాలా ఏళ్లు కువైట్‌లో పనిచేసి వచ్చాడు, అన్నేళ్లూ ఇక్కడ ఇల్లు నడిపింది ఆమే. ఊళ్లో డ్వాక్రా సంఘానికి లీడరు. తమ్ముడు భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. చేతిలో కొత్త ప్రామిసరీ నోటు ఉంది, దాని మీద అక్క హామీ సంతకం కావాలి.

తమ్ముడు: ఎక్కువ చెప్పనక్కా. వీసా వచ్చింది. కువైటీ ఇంట్లో డ్రైవరు పని, నెలకు 120 దినార్లు. ఏజెంటుకు లక్షన్నర కట్టాల. మూడు రూపాయల వడ్డీకి ఇస్తానని ఒకాయన ఒప్పుకున్నాడు, నువ్వు హామీ ఉంటే. ఇదో, ఇక్కడ సంతకం పెట్టు.

అక్క: పెట్టను. కూర్చో, ముందు మంచినీళ్లు తాగు. పాత బాకీలు ఎంతుండాయో చెప్పు.

తమ్ముడు: అవి తీర్చడానికే కదా పోయేది.

అక్క: తీర్చేదానికి పోతున్నోడు ముందు లెక్క తెలుసుకోవాల. చెప్పు, నేను రాసుకుంటా.

తమ్ముడు: రెండో బోరు వేసినప్పుడు ఊళ్లో రాసిచ్చిన నోటు 3 లక్షలు, రెండు రూపాయల వడ్డీ. ఆమె బంగారం 8 తులాలు ప్రొద్దుటూరు బ్యాంకులో ఉండాది, దాని మీద 2 లక్షలు. గ్రామీణ బ్యాంకులో పంట లోను లక్షన్నర. చీటీ పాడుకున్నా, ఇంకా 20 నెలలు నెలకు 5,000 కట్టాల. దానికి మా మామ హామీ. డ్వాక్రాలో ఆమె పేరు మీద 60,000, నెలకు 3,000. అంతే.

అక్క: అంతేనా? సరే. నోటుకు నెల వడ్డీ 6,000. బంగారానికి ఏడాదికి నూటికి 9 అనుకున్నా నెలకు 1,500. చీటీ 5,000. డ్వాక్రా 3,000. మొత్తం 15,500. ఇద్దరు పిల్లోళ్ల ఫీజులు, బియ్యం, కరెంటు, మందులు, ఎంత పొదుపు చేసినా ఇంటికి 12,000 పడతాది. అంటే 27,500. ఇంక నీ జీతం. దినారు 280 రూపాయలు అనుకో, 120 దినార్లు 33,600. అక్కడ నీ ఫోనుకు, సబ్బుకు, కడుపుకు 20 దినార్లన్నా ఉంచుకోవా? పోను 28,000. నెలాఖరుకు మిగిలేది 500. ఇప్పుడు నా చేత సంతకం పెట్టించే నోటుకు వడ్డీ 4,500. చూడు, నువ్వు విమానం ఎక్కకముందే నెలకు 4,000 లోటు. ఇందులో నోటు, బంగారం అసలుకు ఒక్క రూపాయి జమ పడలేదు.

తమ్ముడు: నీ లెక్క తప్పని నేను అనను. కానీ ఇంకో పక్క కూడా చూడు. ఇక్కడ ట్రాక్టరు తోలితే నాకు 15,000 వస్తే గొప్ప. అది వడ్డీకి, చీటీకి, డ్వాక్రాకే చాలదు. అప్పు తీర్చి పో అంటావు. యాడినుంచి తీర్చేది? చీనీ ధర ఈ ఏడు ఉంటే వచ్చే ఏడు ఉండదు. చిత్రావతి రిజర్వాయరు నుంచి నీళ్లు పారితే సేద్యం నిలబడుతుంది అనుకున్నాం. కాయ నిలబడింది, ధర నిలబడలేదు. నేను ఒక ఏడు ఆగితే నోటు మీదే 72,000 వడ్డీ పెరుగుతాది. ఆగడానికి కూడా ఖర్చు ఉండాదక్కా. మీరంతా జాగ్రత్త జాగ్రత్త అంటారు, ఆ జాగ్రత్తకు నెలకు 6,000 ఎవురు కడతారు?

అక్క: ఆ మాట నిజమే. ఊరికే ఆగమని నేను చెప్పడంలేదు. ఏ అప్పు ఇక్కడే తెంపాల, ఏ అప్పు ఉన్నా పర్వాలేదు, అది తేల్చుకుని పో అంటాండా. అప్పులన్నీ ఒక్క తీరుగా ఉండవు. పంట లోను ఉండనీ. 7 శాతం వడ్డీ, గడువు లోపల కడితే 3 శాతం తగ్గింపు పోయి 4 పడుతుంది. అంత తక్కువకు నీకు ఇంకెవురూ ఇయ్యరు. కాయ అమ్మినప్పుడు కట్టి, మళ్లా తెచ్చుకోవచ్చు. డ్వాక్రా ఉండనీ, సంఘంలో ఉండేది మాలాంటి ఆడవాళ్లే కాబట్టి కంతు ఆలస్యం అయితే ముందు ఇంటికే వచ్చి మాట్లాడతారు. కానీ ఆ రెండు రూపాయల నోటు పెట్టుకుని మాత్రం దేశం దాటొద్దు.

తమ్ముడు: ఎందుకు దాటకూడదు? అప్పిచ్చినాయన మంచోడే. మూడేళ్లయితే నోటు చెల్లదు కూడా అంటారు. ఇప్పటికే రెండున్నరేళ్లయింది.

అక్క: ఆ మాట నీకు చెప్పినోడు సగం చెప్పి పంపినాడు. నోటుకు మూడేళ్ల గడువు నిజమే. కానీ లిమిటేషన్ చట్టంలోనే రాసి ఉండాది, బాకీదారుడు దేశంలో లేని కాలాన్ని ఆ మూడేళ్లలో లెక్కించరు. నువ్వు కువైట్‌లో ఐదేళ్లు ఉంటే ఆ ఐదేళ్లు గడియారం నడవదు. మా ఆయన అక్కడ ఉన్నప్పుడు లాయరు నాకు ఈ మాట చెప్తే నేనూ నమ్మలేదు. చట్టం పక్కన పెట్టు. మూడేళ్లు నిండకముందే అప్పిచ్చినాయన మీ ఇంటికి వస్తాడు. నువ్వు ఉండవు. 'అమ్మా, నోటు తిరగరాయండి' అంటాడు. అసలు, వడ్డీ కలిపి కొత్త నోటు రాస్తారు. ఈసారి సంతకం ఎవురిది? నీ పెండ్లాంది.

తమ్ముడు: అంత దూరం రానిస్తానా? నెల నెలా పంపుతా కదా.

అక్క: అందరూ అట్లానే అనుకుని పోతారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగుతుందని ఎవురన్నా అనుకున్నారా? లక్షా డెబ్బై వేల మందికి పైగా మనోళ్లను విమానాల్లో తెచ్చి దించినారు. ప్రాణం దక్కింది, అదే పదివేలు. కానీ వీసాకని చేసిన అప్పు ఊళ్లోనే కాచుకుని ఉండింది. 2020లో కరోనా వచ్చింది. 2024లో కువైట్ సర్కారు మార్చి నుంచి జూన్ ఆఖరు దాకా అకామా (అక్కడ ఉండేదానికి పర్మిట్టు) లేనోళ్లు జరిమానా కట్టకుండా పోవచ్చని క్షమాభిక్ష పెట్టింది. ఆ వరుసలో నిలబడినోళ్లలో మన జిల్లా వాళ్లు తక్కువా? అదే జూన్ 12న మంగఫ్‌లో కూలీలుండే మేడ తగలబడి 40 మందికి పైగా మన దేశం వాళ్లు పోయినారు. భయపెట్టడానికి చెప్పడంలేదు నాయనా. పోయినోళ్లకు ఏమైనా కావొచ్చు. అప్పుకు మాత్రం ఏమీ కాదు.

తమ్ముడు: అట్లా చూస్తే ఎవురూ యాడికీ పోకూడదు. రాజంపేట, రాయచోటి పక్క మిద్దెలు ఎట్లా లేచినాయి? మీ ఇల్లు ఎట్లా లేచింది? బావ పోకుంటే ఈ నాపరాళ్ల వసారా ఉండేదా?

అక్క: ఉండేది కాదు. ఎవురూ దాన్ని కాదనరు. ఈ జిల్లాకు దినారు అన్నం పెట్టింది, పిల్లోళ్లను చదివించింది. నీ బావ పోయినప్పుడూ అప్పు ఉండింది. అది ఎట్లా తీరిందో నీకు తెలియదు. ఉండు, చూపిస్తా.

(ఆమె బీరువాలోంచి పాత నోటు ఒకటి తెచ్చింది. రెవెన్యూ స్టాంపు మీద సంతకం అడ్డంగా చించి ఉంది. తిప్పితే వెనక భాగమంతా చెల్లు రాసిన వరుసలు. ఒక్కో వరుసలో తేదీ, ముట్టిన మొత్తం, అప్పిచ్చినాయన పొట్టి సంతకం. మొదటి వరుసలు నీలం సిరాతో, చివరివి నల్ల బాల్‌పెన్నుతో ఉన్నాయి. కాగితం మడతల దగ్గర పల్చబడి, అడ్డంగా అంటించిన టేపు పసుపు రంగుకు తిరిగింది.)

అక్క: మొదట ఏడాదిన్నర నేను డబ్బు ఇచ్చి వచ్చేదాన్ని, చెల్లు రాయించుకోలేదు. 'నమ్మకం లేదా అమ్మా' అనేవాడు. లెక్క తేల్చుకునే రోజు వచ్చేసరికి ఆయన పుస్తకంలో ఒకటి, నా గుర్తులో ఒకటి. పెద్దమనుషుల దగ్గర ఏడ్చినా. ఆపైన ప్రతి పైసా నోటు వెనక రాయించినా, ఆఖరున నోటు చేతికి తీసుకుని స్టాంపు చించినా. తీర్చేది మగవాడి జీతమే కావొచ్చు. కానీ తలుపు తట్టినప్పుడు తీసేది మేం. అందుకే చెప్తాండా, నువ్వు పోతావు, అప్పు విమానం ఎక్కదు. అది ఇంట్లో మిగిలిన మనిషి దగ్గర కాపురం పెడుతుంది.

తమ్ముడు: మరి ఇంజనీరింగ్ చదివిన పిల్లోళ్లను ఎవురూ ఏమీ అనరే? పులివెందుల జేఎన్‌టీయూలో చదివిన పిల్లోడొకడు 35 లక్షల లోను తీసుకుని అమెరికా పోయినాడు. ఊరంతా దండలేసి పంపింది. నేను లక్షన్నర అడిగితే పంచాయితీ.

అక్క: వాళ్లదీ తేలికేం కాదు. కాకుంటే ఆ అప్పు తీరు వేరు. చదువు లోనుకు చదువు అయ్యేదాకా, ఆపైన ఏడాది దాకా కంతు మొదలవదు. వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే పేరుకుంటాది. కోర్సు నడిచేటప్పుడే ఆ వడ్డీ కట్టుకుంటూ పోతే రేపు అసలులో కలవదు. తండ్రి కూడా ఆ లోనులో బాకీదారుడే, ఇల్లు తనఖాలో ఉండాది. చదువు అయినాక అక్కడ పని చేసుకోవడానికి ఇచ్చేది 12 నెలలు, సైన్సు, ఇంజనీరింగ్ వాళ్లకు ఇంకో 24. ఆ మూడేళ్ల సంపాదన మీదే అందరి లెక్క. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బీ వీసాలకు లక్ష డాలర్ల రుసుం అన్నారు, చూస్తివా? ఇక్కడ జమ్మలమడుగులో, ప్రొద్దుటూరులో ఎంతమంది తండ్రులకు నిద్ర పట్టలేదో! పెద్ద చదువుల వాళ్లదైనా, డ్రైవరుదైనా, సంపాదించే చోటు మన చేతిలో లేదు. కట్టాల్సిన తేదీ మాత్రం మన మెడకే ఉంటుంది.

తమ్ముడు: సరే, నోటు తీర్చే పోవాల అంటావు. దావ చెప్పు. భూమి అమ్మను, అది మాత్రం అడగొద్దు.

అక్క: భూమి అడగను. బంగారం ఉండాది కదా. తులం లక్ష దాటింది. 8 తులాల మీద నువ్వు తెచ్చింది 2 లక్షలే. అయిదు తులాలు అమ్మేయి. తరుగు పోను తులానికి లక్ష వచ్చినా 5 లక్షలు. బ్యాంకు 2, నోటు 3, రెండూ తెగిపోతాయి. మూడు తులాలు మిగులుతాయి.

తమ్ముడు: ఇదేనా నీ దావ! ఇంటి ఆడమనిషి బంగారం అమ్ముకుని కువైట్ పోయినాడని అనిపించుకునేదా? పైగా ధర పెరుగుతా పోతాంటే అమ్మేది ఎవురు?

అక్క: పెరుగుతుందో, తగ్గుతుందో నీకూ తెలియదు, నాకూ తెలియదు. నీ నోటు మాత్రం ఏడాదికి నూటికి 24 తప్పకుండా పెరుగుతాది. బంగారం పడిపోయినా అది ఆగదు.

తమ్ముడు: అయితే అమ్మకుండానే దావ నేను చెప్తా, విను. అదే బంగారం మీద బ్యాంకులో లోను 5 లక్షలకు పెంచుతా. 8 లక్షల బంగారానికి ముక్కాలు భాగం ఇచ్చినా 6 లక్షలు వస్తాది. ఆ డబ్బుతో ఊళ్లో నోటు తీర్చేస్తా. 24 వడ్డీ అప్పు పోయి 9 వడ్డీ అప్పు అవుతుంది. 6,000 కట్టే చోట 2,250 కడితే చాలు. బంగారం మనదే. ఇప్పుడు చెప్పు, తప్పు యాడ ఉండాది?

అక్క: తప్పు లేదు. బాగా ఆలోచించినావు. ఈ మాట నాకు తట్టలేదు. కానీ మూడు సంగతులు చూసుకో. బంగారం లోను గడువు చాలాచోట్ల ఏడాదే, ఏడాది కాగానే అసలు వడ్డీ కట్టాల, లేదంటే తిరగరాయాల. కట్టకుంటే నోటీసు ఇస్తారు, ఆపైన వేలం. రెండోది, ఆ లోను ఇప్పుడు ఎవురి పేరు మీద ఉండాది?

తమ్ముడు: నా పేరు మీదే.

అక్క: అదే చెప్తాండా. బంగారం ఆమెది, కాగితం నీది. నువ్వు కువైట్‌లో ఉంటే తిరగరాయడానికి సంతకం ఎవురు పెడతారు? విడిపించుకోవడానికి ఎవురు పోతారు? ఆ పిల్ల బ్యాంకు మెట్లు ఎక్కితే 'ఆయన్ను రమ్మనండి' అంటారు. మూడోది చెప్తా, విను: 5 లక్షల అప్పు పెట్టి పోయినోడు రెండేళ్ల ఒప్పందంలో దాన్ని తీర్చలేడు. నెలకు నాలుగు వేల చిల్లర మిగులుతుంది, చీటీ, డ్వాక్రా అయిపోయినాక ఇంకో 8,000. లెక్క వేస్తే నాలుగేళ్ల పైనే. రెండేళ్లకని చెప్పి పోయి నాలుగేళ్లు ఉండిపోవడం ఇట్లానే మొదలవుతుంది. నీ చిన్నపిల్ల నిన్ను ఫోనులోనే చూస్తా పెరుగుతాది.

(కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. మళ్లీ తమ్ముడే అందుకున్నాడు.)

తమ్ముడు: ఏజెంటు లక్షన్నర సంగతి? అది లేకుండా వీసా యాడిది?

అక్క: అది ఇంకో మోసం. లైసెన్సు ఉన్న ఏజెంటు మనిషి దగ్గర తీసుకోవాల్సింది 30,000, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. అంతకు మించి అడిగినోడి పేరు కేంద్ర సర్కారు ఈ-మైగ్రేట్ సైటులో ఉండాదా అని చూడు. లేకుంటే ఆ వీసా మీద నమ్మకం పెట్టుకోవద్దు. నీది పదో తరగతి లేని పాస్‌పోర్టు, కాబట్టి ఎమిగ్రేషన్ క్లియరెన్సు లేకుండా కువైట్ పోనియ్యరు. 'ముందు విజిట్ వీసా మీద పో, అక్కడ మారుద్దాం' అంటే, 'ఆజాద్ వీసా, ఎవురి దగ్గరైనా పని చేసుకోవచ్చు' అంటే, దండం పెట్టి వచ్చేయి. కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గర కాకుండా బయట పని చేస్తే పట్టుకుని పంపేస్తారు. క్లియరెన్సుతో పాటే ప్రవాసీ భారతీయ బీమా ఉంటాది, రెండేళ్లకు 275 రూపాయలు. ప్రమాదంలో పోతే ఇంటికి 10 లక్షలు వస్తాది.

తమ్ముడు: అమంగళం మాట్లాడతావేమక్కా.

అక్క: 275 రూపాయలకు అమంగళం ఏముండాది? ఇంకొకటి కూడా విను. మనిషి పోతే వారసులు ఆయన వదిలిపోయిన ఆస్తి మేరకే బాకీకి బాధ్యులు. కానీ హామీ సంతకం పెట్టినోళ్లు మొత్తానికీ బాధ్యులే, బతికున్నా, పోయినా. చీటీకి మీ మామ సంతకం ఉండాది. నువ్వు రెండు నెలలు కట్టకుంటే ఆయన మీదికి వస్తారు. అక్కడికి పోయినాక నువ్వు మొదట కట్టాల్సిన కంతు అదే, ఇంటి ఖర్చు కంటే ముందు.

తమ్ముడు: ఊళ్లో నోటుతో పాటు ఆయన దగ్గర నా చెక్కులు రెండు ఉండాయి. సంతకం పెట్టినవి, అంకె వేయనివి.

అక్క: అది ఇప్పుడా చెప్పేది! నోటు తీర్చిన రోజే ఆ రెండు చెక్కులూ చేతికి తీసుకో. ఒకటి బ్యాంకులో వేసి డబ్బు లేదని తిరిగొచ్చి, నోటీసు తర్వాత కూడా కట్టకుంటే అది క్రిమినల్ కేసు. సమన్లు ఇంటికి వస్తాయి, నువ్వు దేశంలో ఉండవు. కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తాంటే పాస్‌పోర్టు తిరిగి ఇయ్యడానికి అడ్డం పడుతుంది. పోవడానికి అడ్డం రాని అప్పు తిరిగి వచ్చేటప్పుడు అడ్డం వస్తాది.

తమ్ముడు: వడ్డీ తగ్గించమని అడగొచ్చా ఆయన్ను?

అక్క: అడుగు. రైతుల అప్పుల మీద వడ్డీ తగ్గించడానికి 1938 నాటి చట్టమొకటి ఇప్పటికీ ఉండాది, ఆయనకూ తెలుసు. అయినా కోర్టు మాట ఎత్తొద్దు, ఊళ్లో మళ్లా మొహం చూసుకోవాల. 'మొత్తం ఒక్కసారి కడతా, ఈ ఆరు నెలల వడ్డీ వదిలిపెట్టు' అని అడుగు. ఒక్కసారి చేతికి వచ్చే డబ్బంటే ఎవురైనా మెత్తబడతారు.

తమ్ముడు: అయితే ఏం చేయమంటావు? నీది అమ్మడం, నాది కుదువ. తేలదు.

అక్క: తేల్చాల్సింది మనమిద్దరం కాదు. బంగారం ఎవురిదో ఆమెను అడుగు. పొద్దున నుంచి ఆ పిల్ల వాకిట్లో కూర్చుని అన్నీ వింటాంది.

తమ్ముడు: ఆమెకు ఈ లెక్కలు ఏం తెలుసు?

మరదలు: నాకు తెలియకుంటే రేపు అప్పోళ్లు ఎవురిని అడుగుతారు? వదినా, నా మాట చెప్పనా? ఆయన చెప్పినట్లు మొత్తం కుదువ పెడితే అది నా మెడకు ఎప్పుడొస్తాదో తెలియదు. నువ్వు చెప్పినట్లు అయిదు తులాలు అమ్మితే మళ్లా కొనలేం, ఆడపిల్ల ఉండాది. మూడు తులాలు అమ్ముదాం. నోటుకు సరిపోతాది. మిగిలిన అయిదు తులాల మీద ఇప్పుడున్న 2 లక్షల లోను అట్లానే ఉండనీ. కానీ కాగితం నా పేరుకు మారాల. నెల నెలా వడ్డీ, వీలున్నంత అసలు నేను పోయి కడతా.

అక్క: లెక్క చూడు. నోటు వడ్డీ 6,000 పోయింది. బంగారానికి 1,500, చీటీ 5,000, డ్వాక్రా 3,000, ఇల్లు 12,000. మొత్తం 21,500. 28,000లో 6,500 మిగులుతుంది. 20 నెలలకు 1,30,000. అప్పటికి చీటీ, డ్వాక్రా అయిపోతాయి, ఇంక నెలకు 14,500. బంగారం మీద మిగిలిన 70,000 అయిదు నెలల్లో అయిపోతాది. రెండేళ్ల చిల్లర. ఒప్పందమూ రెండేళ్లే. నీ దావ కంటే, నా దావ కంటే ఆ పిల్లదే దారికి వచ్చింది.

తమ్ముడు: బంగారం విడిపించకుండా అమ్మేది ఎట్లా?

అక్క: ఆ 2 లక్షలు ఒక్క పూటకు నేను సర్దుతా. ముగ్గురం ప్రొద్దుటూరు పోదాం. బ్యాంకులో కట్టి బంగారం తీసుకుని, మూడు తులాలు తెలిసిన అంగట్లో తూకం చూసి అమ్మి, మిగతాది అక్కడే ఆమె పేరుతో పెట్టి, నా డబ్బు నాకిచ్చేయి. ఒకటికి నాలుగు అంగళ్లలో ధర అడిగి, బిల్లు తీసుకోవాల.

తమ్ముడు: ఏజెంటుకు 35,400? టికెట్టు?

మరదలు: మోటారు సైకిలు అమ్ము. అక్కడ నీకెందుకు?

తమ్ముడు: ...సరే. మరి మొదటి జీతం వచ్చేదాకా? అకామా, మెడికలు అంటా రెండు మూడు నెలలు పడుతుందని బావే అన్నాడు.

అక్క: అందుకే కాయ కోసి అమ్మినాక పో. ఆ డబ్బులో మూడు నెలల కంతులు, 28,500 ఆమె ఖాతాలో వేసి పో. వీసా గడువు అంతవరకు ఉండాదా అని రేపే కనుక్కో. లేకుంటే ఇంకో వీసా చూసుకో, కొంపలు మునగవు. నీ బ్యాంకు ఖాతా ప్రవాసీ ఖాతాగా మార్చమని చెప్పి పో, డబ్బు ఆ దావలోనే పంపు. హుండీ దావన పంపితే నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయని ఆశపడొద్దు. అది చట్టవిరుద్ధం, పైగా రేపు కట్టినట్లు రుజువు ఉండదు. బ్యాంకుకు ఇచ్చిన ఫోన్ నెంబరు ఆగిపోకుండా చూసుకో. భూమి పనులు, లోను పనులు ఆమె చేయడానికి రిజిస్ట్రారు ఆఫీసులో పవర్ ఆఫ్ అటార్నీ రాయించి పో. అక్కడికి పోయినాక రాయాలంటే ఎంబసీ చుట్టూ తిరగాల. అక్కడ మాత్రం అప్పు చేయొద్దు. బాకీ ఉంటే కువైట్‌లో ప్రయాణం మీదే నిషేధం పెడతారు, ఎయిర్‌పోర్టు నుంచి వెనక్కి పంపుతారు.

తమ్ముడు: నువ్వు గెలిచినావు పో.

అక్క: నేను గెలవలేదు. అయిదు తులాలు అమ్మమన్న నా మాట నిలవలేదు, అప్పు చేసి పోతానన్న నీ మాటా నిలవలేదు. ఒక్క సంగతి మాత్రం నేను వదలను. ఈ లెక్క మొత్తం, ఏ బాకీ ఎవురికి, ఎప్పుడు, ఎంత, చెక్కులు ఎన్ని, హామీ ఎవురు, ఆమె చేతి రాతతో ఆమె పుస్తకంలో ఉండాల. నీకు గుర్తుంటే చాలదు.

మరదలు: రాసుకుంటా వదినా. కొత్త నోటు మాత్రం చించేయండి. మూడు రూపాయల వడ్డీకి నేను ఒప్పుకోను, ఏజెంటు ఎంత తొందర పెట్టినా. వీసా పోతే పోనీ. బుధవారం బ్యాంకుకు పోదాం, ఆయన ఆధారు కార్డు, పాత కుదువ రసీదు నేను తెస్తా.